తొట్టి వెనక గోడ మీద యొర్దాను

పేరంపాలెం చర్చికి కొత్త తొట్టి కట్టారు. అప్పటిదాకా ఎవరికైనా బాప్తిస్మం ఇవ్వాలంటే ట్రాక్టరు కట్టుకుని సాగర్ కాలవకు పోయేవాళ్ళు. కాలవకు నీళ్ళు వదిలితే బాప్తిస్మం, వదలకపోతే వాయిదా. ఆ బాధ పడలేక సంఘమంతా తలా ఒక చెయ్యి వేసి, వేదిక వెనకాల నడుములోతు తొట్టి కట్టి, లోపల నీలం పలకలు అతికించారు. దాని వెనక గోడ మాత్రం బోసిగా మిగిలింది. ఆ గోడ మీద యొర్దాను నది రావాలి, వెనకాల కొండలు రావాలి, నది ఎక్కడో కొండల నడుమ పుట్టి పారుతూ వచ్చి తొట్టిలో కలుస్తున్నట్టుండాలి. అదీ పెద్దల తీర్మానం.

ఆ పని కుమారికి అప్పజెప్పారు. పూర్తి పేరు సంతోషకుమారి, నలభై నాలుగేళ్ళు. సీజన్లో మిరపకాయల తొడిమలు తీస్తుంది, మిగతా రోజుల్లో గోడలకు రాతలు రాస్తుంది. ఫ్లెక్సీలు వచ్చి రాతపనిని సగం చంపేశాయి గాని, బడి గోడల మీద ఆవులూ అక్షరాలూ, ట్రక్కుల వెనక పేర్లూ ఇంకా మనుషుల చేతే రాయించుకుంటున్నారు. చుట్టుపక్కల నాలుగూళ్ళలో ఆ పని చేసే ఆడమనిషి ఆమె ఒక్కతే. విద్య నేర్పింది భర్త ఏసోబు. నేర్పాడనడం కూడా పెద్ద మాటే. ఆయన అక్షరాలకు గీతలు గీస్తే లోపల రంగు నింపడానికి ఇంకో చెయ్యి కావాలి, ఆ చెయ్యి ఆమెది.

పదకొండేళ్ళ కిందట ఏసోబు సైకిలుకు రంగు డబ్బాలు కట్టుకుని కొత్తపట్నం వెళ్ళాడు. పడవలకు పేర్లు రాయాలి, నాలుగు రోజుల్లో వస్తానన్నాడు. అక్కడ ఒకావిడతో ఉండిపోయాడు. అప్పటికి కూతురు లిడియాకు పదేళ్ళు. ఆ పిల్లను చదివించడం, నర్సును చేయడం, గుంటూరులో ఉద్యోగానికి పంపడం, అన్నీ కుమారి ఒంటిచేత్తో ఈడ్చుకొచ్చింది.

నిరుడు మే నెలలో ఒక ఆటో వచ్చి ఇంటిముందు ఆగింది. ఆటోవాడూ ఎవరో బక్కపలచని మనిషీ కలిసి ఏసోబును దించి అరుగు మీద కూర్చోబెట్టారు. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. పక్కన ఒక ప్లాస్టిక్ సంచీ, అందులో రెండు లుంగీలూ మందుల చీటీ. "మా అక్క ఇంక చెయ్యలేనంది," అని చెప్పి ఆ బక్కమనిషి మళ్ళీ ఆటో ఎక్కాడు. కుమారి గంపలో మిగిలిన కాయలకు తొడిమలు తీసి, చేతులు కడుక్కుని, అన్నం కలిపి పెట్టింది.

ఊళ్ళో కొందరు ఆమెను దేవత అన్నారు, కొందరు పిచ్చిది అన్నారు. ఊరికి రెండే మాటలు వచ్చు మరి. నిజానికి ఆమెకు ఏమీ అనిపించలేదు, అంతే. కోపం వస్తుందేమోనని రెండు రోజులు కనిపెట్టి చూసింది. రాలేదు. జాలి వస్తుందేమోనని చూసింది. అదీ రాలేదు. తొడిమలు తీసేవాళ్ళకు మొదటి ఏడాది వేళ్ళు నిప్పుల్లో పెట్టినట్టుంటాయి, పదో ఏటికి మంటే తెలియదు. ఆమె లోపల కూడా అలాంటిదేదో ఎప్పుడో జరిగిపోయింది. కడుగుతుంది, మందులు వేస్తుంది, పక్క మారుస్తుంది. పిలవడం మాత్రం లేదు. "మీరు" అనదు, "నువ్వు" అనదు. "తినాలి", "లేవాలి", "ఇటు తిరగాలి" అంటుంది. పది నెలలుగా ఆ ఇంట్లో మాటలంటే అవే.

గోడ పని ఒప్పుకున్న రోజే పాస్టరు ప్రకాష్ అయ్యగారు ఆమెను పక్కకు పిలిచారు. మంచివాడే. మంచివాళ్ళకుండే తొందర కూడా ఉంది.

"వచ్చే ఆదివారం తొట్టి ప్రతిష్ఠమ్మా. అదే రోజు బల్ల కూడా. ఏసోబుని మళ్ళీ బల్లకు చేర్చుకుందామని పెద్దలందరం అనుకున్నాం."

బల్ల అంటే నెల మొదటి ఆదివారం రొట్టే ద్రాక్షరసమూ పంచే ప్రభు బల్ల. భార్యను వదిలేసి పోయినందుకు సంఘం ఏసోబును దానికి దూరంగా ఉంచింది. తిరిగి చేరాలంటే ఆ సంఘంలో ఒక పద్ధతుంది. తప్పు చేసినవాడు అందరి ముందూ ఒప్పుకోవాలి. దెబ్బ తిన్నవాళ్ళు లేచి క్షమించానని చెప్పాలి. చేరకుండానే పోతే, పోయిన రోజున సంఘం ప్రార్థన ఉండదు, సంఘపు సమాధుల తోటలో చోటూ ఉండదు. ఏసోబుకు పక్షవాతం ఒకసారి వచ్చింది, రెండోసారి వస్తే కష్టమని ఒంగోలు డాక్టరు చెప్పి పంపాడు.

"ఒక్క మాటమ్మా," అన్నారు అయ్యగారు. "లేచి క్షమించానంటే చాలు. నిన్న నేను ప్రార్థన చేస్తుంటే చిన్నపిల్లాడి మాదిరి ఏడ్చాడు."

"క్షమించకుండా క్షమించానంటేనో, అయ్యగారూ?"

"బల్ల ముందు అబద్ధం ఆడకూడదమ్మా. అందుకే వారం ముందే చెబుతున్నా."

అలా కుమారి మీద రెండు పనులు పడ్డాయి. గోడ మీద నదినీ కొండలనీ తేవాలి. తన లోపల ఎక్కడుందో తెలియని ఆ ఒక్క మాటనూ తేవాలి. మొదటిది నయమనిపించింది.

అసలు యొర్దాను ఎలా ఉంటుందో అడగడానికి సంఘ పెద్ద ఆదెయ్య దగ్గరికి వెళ్ళింది. ఆయన నాలుగేళ్ళ కిందట యెరూషలేం యాత్రకు పోయి వచ్చాడు. ఆ సంగతి రోజుకొకసారైనా ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఆయనకు తిన్నది అరగదు. ఫోన్లో ఫొటో తీసి చూపించాడు. సన్నటి పచ్చటి నీళ్ళు, రెండు వైపులా జమ్ము, పట్టుకుని దిగడానికి ఇనప కమ్మీలు.

"బాబాయ్, ఇది మన మురుగు కాలవ మాదిరుంది గదా."

"అందుకే చెప్పేది. ఇది వెయ్యబాక. ఇది నిజమైనదే గాని, చూసినోళ్ళు నమ్మరు. క్యాలెండర్ల మీద ఉంటది చూడు, అట్టాంటిది వెయ్యి. నిజంగా ఉన్నట్టే ఉండాల. కొండ మీద మంచు కూడా పెట్టు."

"మంచెందుకు బాబాయ్?"

"ఉండనీవే. మార్చి నెల, చూసేటోళ్ళకి చల్లగా ఉంటది."

సోమవారం పొద్దున ఏసోబును చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి చర్చికి తోసుకెళ్ళింది. ఇంటి దగ్గర కనిపెట్టుకుని ఉండేవాళ్ళు లేరు. ఊరంతా మిరప కల్లాల్లో ఉంది. కుర్చీని ఖాళీ తొట్టి పక్కన ఆపి, ఆమె నిచ్చెన దింపుకుని లోపలికి దిగింది. రెండు రోజులు ఇద్దరి మధ్యా మాట లేదు. ఆకాశం వేసింది, మూడు కొండలు వేసింది, వాటి నడుమ నుంచి నదిని దించింది. మంగళవారం సాయంత్రం నాలుగడుగులు వెనక్కి వచ్చి చూసుకుంటే మూడు కొండలూ ఒకే చోట భుజాలు కలిపి నిలబడి ఉన్నాయి. నది పారడం లేదు. గోడకు ఆరేసిన నీలం చీరలా నిలువునా వేలాడుతోంది.

తప్పెక్కడుందో ఆమెకు తెలియలేదు. అది బోర్డులు రాసేవాళ్ళు మాత్రమే చేసే తప్పు. బోర్డు మీద రాత పోయే బస్సులోంచి చదవగలగాలి, అందుకని రంగు ఏదైనా డబ్బాలోంచి తీసింది తీసినట్టే ముదురుగా కొడతారు. ఇరవయ్యేళ్ళుగా ఆమె చేతికి అదే అలవాటు. పది మైళ్ళ అవతలి కొండనూ కాళ్ళ ముందున్న రాయినీ ఒకే గొంతుతో అరిపించింది.

"తె... తెలుపు," అన్నాడు ఏసోబు.

ఆమె వెనక్కి తిరిగింది.

"దూ... దూరం. తెలుపు... కలుపు." ఎడమ చెయ్యి చివరి కొండ వైపు లేచింది.

డబ్బా మూతలో కొండ రంగు పోసి తెలుపు కలిపింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇంకొంచెం కలిపింది. "నీ... నీలం. చు... చుక్క." చుక్క వేసింది. ఆ రంగుతో చివరి కొండను మళ్ళీ వేసింది. "అం... అంచు," అన్నాడు, గాలిలో చేత్తో రుద్దుతూ. తడి ఆరకముందే పొడి బ్రష్షుతో కొండ అంచును ఆకాశంలోకి రుద్దేసింది. కొండ వెనక్కి వెళ్ళింది. కళ్ళ ముందే, ఎవరో తాడు కట్టి లాగినట్టు, గోడలోపలికి వెళ్ళిపోయింది.

బుధవారమంతా అలాగే గడిచింది. నడిమి కొండకు తెలుపు తగ్గించి, బూడిద కలిసిన పచ్చ వేయించాడు. దగ్గరి గట్టుకు మాత్రం మట్టిరంగు, ముదురు పచ్చ, ఒక పక్క ఎండ, ఒక పక్క నీడ. నదిని తిన్నగా దింపకుండా ఒంపులు తిప్పించాడు. దగ్గర వెడల్పు, పోను పోను సన్నం, నడిమి కొండ వెనక ఒకచోట కనబడకుండా పోయి, ఇంకా వెనక దారప్పోగులా తేలాలి. అక్కడ నీళ్ళకు ఆకాశం రంగే, ఇక్కడ నీళ్ళకు గట్టు నీడ. గోడ మందం తొమ్మిదంగుళాలు. అందులో పది మైళ్ళు పట్టించారు ఇద్దరూ కలిసి. వంటలో ఉప్పెంతో చెబితే వేసినట్టు, ఆయన చెప్పింది చెప్పినట్టు ఆమె వేసింది. ఆదెయ్య కోసం చివరి కొండ మీద కాస్త మంచు కూడా పెట్టింది.

గురువారం దగ్గరి గట్టు కింద రాళ్ళూ జమ్మూ వేస్తుంటే ఏసోబు కుర్చీ చేతిని గట్టిగా కొట్టాడు. "నీ... నీళ్ళు. ఎం... ఎంతదాకా?"

అప్పుడు తట్టింది. తొట్టి నిండితే గోడ అడుగు భాగం మునిగిపోతుంది. తాను ముద్దుగా వేస్తున్న రాళ్ళన్నీ నీళ్ళ కిందే. ఎక్కువైన నీళ్ళు బయటికి పోయే గొట్టం ఎంత ఎత్తులో ఉందో కొలిచి, సుద్ద రాసిన దారంతో గోడకు అడ్డంగా గీత కొట్టింది. గీత కింద అంతా ముదురు పచ్చగా ఒకే రంగు పూసేసి, రాళ్ళను పైకి జరిపింది. ఇంత తెలివి పెట్టుకుని పదేళ్ళు పడవల మీద పేర్లు రాసుకుంటూ కూర్చున్నాడా మనిషి, అనుకుంది. ఆ మాట వెనక కోపం వస్తుందేమోనని బ్రష్షు పట్టుకుని కాసేపు ఆగింది. ఏమీ రాలేదు. మళ్ళీ పనిలో పడింది.

ఆ సాయంత్రం గోడ వైపే తిరిగి, రాయికి నీడ వేస్తూ అడిగింది. "ఎందుకు పోయినట్టు?"

పదకొండేళ్ళుగా అడగని ప్రశ్న. అడిగాక ఆమెకే వింతగా అనిపించింది, ఎవరి సంగతో అడిగినట్టుంది.

"తె... తెలీదు," అన్నాడు ఏసోబు. "త... తప్పు." అని ఏడవడం మొదలుపెట్టాడు. ముఖంలో సగమే ఏడుస్తోంది, మిగతా సగం ఊరకే ఉంది.

ఇప్పుడు రావాలి, అనుకుంది కుమారి. జాలి గాని, కోపం గాని, అసహ్యం గాని, ఏదో ఒకటి ఇప్పుడైనా రావాలి. నిలబడి చూసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమెకు భయం వేసింది. ఆయన గురించి కాదు. తన లోపల మనిషంటూ ఎవరూ మిగల్లేదేమోనన్న భయం. నిచ్చెన దిగి, చేతులు గుడ్డకు తుడుచుకుని, "నాలుగైంది, మాత్ర వెయ్యాలి," అంది.

శుక్రవారం లిడియా గుంటూరు నుంచి ఫోన్ చేసింది.

"క్షమించానని చెప్తావంట గదా, ఆదివారం."

"నీకెవరు చెప్పారు?"

"క్రిస్టీనా అత్త." క్రిస్టీనా పక్కింటావిడ, తొడిమల దగ్గర కుమారికి జోడీ. ఆమె చెవిన పడిన మాట గుంటూరు చేరడానికి అరగంట చాలు.

"చెప్తానో లేదో నాకే తెలీదే. చూసుకుంటే లోపల ఏమీ కనపడ్డం లా. కోపం కూడా లేదు."

"నా దగ్గర బోలెడంత ఉందమ్మా. కావాలంటే నాది తీసుకో."

కుమారికి నవ్వొచ్చింది. "నీది నాకెట్టా సరిపోద్దే," అని ఫోన్ పెట్టేసింది. నవ్వు రావడం మంచి గుర్తేమోనని కాసేపు కూర్చుని చూసింది. నవ్వు పోయాక మళ్ళీ మామూలే.

శనివారం సాయంత్రం తొట్టి నింపారు. సంఘం సగం చూడ్డానికొచ్చింది. నీళ్ళు సుద్దగీత దగ్గరికి వచ్చి ఆగగానే గోడ మీది నది తొట్టిలోకి దిగింది. ఎక్కడ రంగు ముగిసి ఎక్కడ నీళ్ళు మొదలయ్యాయో తెలియలేదు. ఆదెయ్య తొట్టి గట్టు మీంచి వంగి గోడను చేత్తో తడిమి చూశాడు, గోడ అక్కడే ఉందో లేదోనని. "ఆ కొండదాకా ఎంత దూరముంటదమ్మాయ్?" అన్నాడు. క్రిస్టీనా కళ్ళు తుడుచుకుంది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని అలా నడిచిపోవాలనిపిస్తోందంది. అయ్యగారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. అందరికీ ఏదో ఒకటి అనిపిస్తోంది. కుమారికి మాత్రం నడిమి కొండ కింద రంగు పలచబడిన చోటు కనిపించింది. ఇంకో చెయ్యి వేయాల్సింది, అనుకుంది.

ఆదివారం చర్చిలో చాపలు చాలలేదు. ముగ్గురికి బాప్తిస్మం అయ్యింది. ఒక్కొక్కరూ మునిగి లేచినప్పుడల్లా అలలు గోడదాకా పోయి నది కదిలినట్టయ్యింది, ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టి చూశారు. తర్వాత బల్ల మీద తెల్లగుడ్డ తీశారు. ఏసోబు కుర్చీ నడవలో, ఆడవాళ్ళ వరస పక్కనే ఉంది. తెల్లచొక్కా తొడిగింది కుమారి. కుర్చీ పక్కన చాప మీద తను, తన పక్కన క్రిస్టీనా.

"ఏసోబూ, భార్యను విడిచిపెట్టి పోయి తప్పు చేశానని దేవుని ముందూ సంఘం ముందూ ఒప్పుకుంటున్నావా?" అన్నారు అయ్యగారు.

"త... తప్పు. చే... చేశా." ఆ రెండు ముక్కలు రావడానికి చాలాసేపు పట్టింది. చర్చిలో ముక్కులు చీదిన చప్పుడు వినిపించింది.

"కుమారమ్మా, లేమ్మా."

కుమారి లేచింది. కొంగు తల మీదికి లాక్కుంది. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. ఏసోబు మాత్రం తన ఒళ్ళోని చేతిని చూసుకుంటున్నాడు. ఆ ఒక్క మాట నాలుక మీదికి తెచ్చుకోబోయింది. చిన్నదే. అంటే అయిపోతుంది, అందరూ ఆమెన్ అంటారు, మధ్యాహ్నానికి అన్నాలు వండుకోవచ్చు.

"అయ్యగారూ," అంది. "క్షమించానని చెప్పమన్నారు. ఆరు రోజులు చూసుకున్నా. నా లోపల ఆయన మీద కోపం లేదు. ప్రేమ లేదు. ఏమీ లేదు. లేనిది ఉందని బల్ల ముందర నేను చెప్పలేను."

అయ్యగారి ముఖం వాడిపోయింది. మగవాళ్ళ వరసలోంచి ఎవరో గట్టిగా నిట్టూర్చారు.

"అయితే ఈసారికి ఏసోబు..." అని అయ్యగారు మొదలుపెట్టారు.

"ఆగండయ్యగారూ, నా మాట అవలేదు," అంది కుమారి. "సమాధానం లేని మనిషి, ఎదుటి మనిషితో మనసు కలవని మనిషి బల్లకి రాకూడదని మీరే గదా చెప్తారు. ఆయన చెప్పాల్సింది చెప్పాడు. ఇప్పుడు సమాధానం లేనిది ఆయనకి కాదు, నాకు. ఆయన్ని రానీయండి. నేను ఆగుతా."

ఆదెయ్య లేచి నిలబడ్డాడు. "అదేందమ్మాయ్? తప్పు చేసింది వాడైతే నువ్వు ఆగేదేంది?"

"ఇన్నేళ్ళూ ఆయన ఆగాడు గదా, బాబాయ్. ఇప్పుడు నేను ఆగుతా. నాకు ఏదన్నా అనిపించిన రోజు నేనే వచ్చి చెప్తా. అనిపించకపోతే రాను."

ఆదెయ్య కూర్చున్నాడు. అయ్యగారు పెద్దల వైపు చూశారు. పెద్దలు నేల వైపు చూశారు. పద్ధతిలో దీనికి జవాబు లేదు. చివరికి అయ్యగారు మెల్లగా తల ఊపి, రొట్టె చేతిలోకి తీసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. కుమారి కూర్చుంది.

రొట్టె పళ్ళెం ఒక్కో వరసా దాటుకుంటూ వచ్చింది. ఏసోబు ఎడమ చేత్తో ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు, చాలాసేపు నమిలాడు. పళ్ళెం కుమారి చేతికొచ్చింది, ఆమె దాన్ని క్రిస్టీనా వైపు చాపింది. క్రిస్టీనా పట్టుకోలేదు. "తీసుకోవే, ఎవరేమంటారు," అంది గొంతు తగ్గించి. కుమారి తల అడ్డంగా ఊపి, పళ్ళేన్ని ఆమె ఒళ్ళో పెట్టింది.

తర్వాత ద్రాక్షరసం గిన్నెల పళ్ళెం వచ్చింది. ఏసోబు గిన్నె ఎత్తి తాగాడు. సగం లోపలికి పోయింది, సగం పడిపోయిన పెదవి మూల నుంచి గడ్డం మీదుగా తెల్లచొక్కా మీదికి కారింది. ఆయన కుమారి వైపు చూశాడు. ఆమె మోకాళ్ళ మీద లేచి, కొంగుతో ఆయన పెదవి తుడిచింది, గడ్డం తుడిచింది, చొక్కా మీద మరకను అద్దింది. తర్వాత కూర్చుని, పళ్ళేన్ని రెండు చేతులతో అందుకుని, రసం ఒలకకుండా క్రిస్టీనాకు అందించింది.